పిల్లలకు టైప్-2 షుగర్: మొదటి వారం నుంచి ఇంట్లో ఎలా నడపాలి

పన్నెండు, పదమూడేళ్ల పిల్లకో పిల్లాడికో టైప్-2 షుగర్ అని డాక్టరు చెప్పగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "మా నాన్నగారికీ ఉంది, ఎన్నేళ్ల నుంచో మాత్రలతో నెట్టుకొస్తున్నారు, ఏం కాలేదుగా!" ఆ ధీమా ఇక్కడ పనికిరాదు. పెద్దల్లో కంటే పిల్లల్లో ఈ జబ్బు త్వరగా ముదురుతుంది. అమెరికాలో 10–17 ఏళ్ల వయసువాళ్లు 699 మందితో చేసిన 'టుడే' అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వాడిన పిల్లల్ని సగటున నాలుగేళ్లు గమనిస్తే సగం మందికి పైగా షుగర్ అదుపు తప్పింది. ఆ అధ్యయనంలోని పిల్లలు సగటున ఇరవై ఆరేళ్ల వయసుకు వచ్చేసరికి, ప్రతి పదిమందిలో ఆరుగురికి కళ్లలోనో కిడ్నీల్లోనో నరాల్లోనో కనీసం ఒకచోట దెబ్బ కనిపించిందని 2021లో ప్రకటించారు.

భయపెట్టడానికి కాదు ఈ లెక్కలు చెప్పింది. మొదటి రెండు మూడేళ్లు ఎంత గట్టిగా పట్టుకుంటే తర్వాత అంత మేలు. ఆ పట్టు బిడ్డ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, వంటింటి నుంచి మొదలుకావాలి.

1. ముందు, అది టైప్-2నేనా అని తేల్చుకోండి

పరగడుపున 126 లేదా ఆపైన, గ్లూకోజ్ తాగించిన రెండు గంటలకు 200 లేదా ఆపైన, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా ఆపైన ఉంటే షుగర్ ఉన్నట్టు. అతిదాహం, రాత్రుళ్లు పదేపదే మూత్రానికి లేవడం లాంటి లక్షణాలేవీ లేకపోతే ఒక్క రిపోర్టుతో నమ్మేయకుండా రెండోసారి చేయించాలి.

పిల్లల్లో టైప్-2 సాధారణంగా యుక్తవయసు మొదలయ్యాకే వస్తుంది. ఆ వయసు హార్మోన్లు ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్‌లా మారడం పెద్ద గుర్తు. దాన్ని మట్టి అనుకుని సున్నిపిండితో, పీచుతో రుద్దుతుంటారు. రుద్దితే పోదు, చర్మం గీసుకుపోవడం తప్ప. పిల్ల కడుపులో ఉండగా తల్లికి షుగర్ రావడం, నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటడం, ఆడపిల్లల్లో నెలసరి తప్పుతూ ఉండటం కూడా గమనించాల్సినవే. మన పిల్లలకు మరీ లావు లేకపోయినా రావచ్చు.

అయినా సరే, టైప్-1 (ఒళ్లు ఇన్సులిన్‌ను దాదాపు తయారుచేయలేని రకం) కాదని నిర్ధారించుకోండి. టైప్-1లో కనిపించే గ్యాడ్ లాంటి యాంటీబాడీల పరీక్ష, ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ ఎంత తయారుచేస్తోందో చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష ఇందుకే. టైప్-1 ఉన్న బిడ్డకు మాత్రలిచ్చి ఇన్సులిన్ ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. వీలైతే పిల్లల ఎండోక్రినాలజిస్టుకే (హార్మోన్ల డాక్టరుకే) చూపించండి. ఊళ్లో లేకపోతే మూడు నెలలకోసారి నగరానికి వెళ్లి, మధ్యలో దగ్గర్లోని పిల్లల డాక్టరుతో నడపవచ్చు.

2. మందు: తాతగారి డబ్బాలోంచి ఒక్క మాత్ర కూడా వద్దు

ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాత్రల్లో చాలావాటిలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కలిసి ఉంటుంది. అది తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతుంది. బడికెళ్లే పిల్లకు అది ఇస్తే ప్రార్థన సమయంలోనే కళ్లు తిరిగి పడిపోవచ్చు. స్ట్రిప్ మీద మొదటి పేరు ఒకటేగా అని ఇచ్చేయకండి.

పదేళ్లు దాటిన పిల్లలకు మొదటి మందు మెట్‌ఫార్మిన్. సాధారణంగా రోజుకు 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ, పడితే రోజుకు 2,000 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. అన్నం మధ్యలోనో, తిన్న వెంటనేనో వేయాలి. ఖాళీ కడుపున వేస్తే వికారం, కడుపునొప్పి, విరేచనాలు. ఇవి మొదటి ఒకటి రెండు వారాలు ఎక్కువగా ఉండి తగ్గుతాయి. చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే. మానేయకుండా డాక్టరుకు చెప్తే మోతాదు నెమ్మదిగా పెంచుతారు, లేదా నిదానంగా కరిగే రకానికి మారుస్తారు. ఆ రకాన్ని విరవకూడదు, నూరకూడదు. మలంలో బిళ్ల ఆకారం కనిపించినా కంగారు పడనక్కర్లేదు, మందు ఒంట్లోకి వెళ్లిపోయి పైపెంకు మిగిలిందంతే. ఖర్చు బరువనిపిస్తే జన ఔషధి దుకాణాల్లో ఇదే మందు చవకగా దొరుకుతుంది. కొన్నేళ్లు వాడాక బీ12 పరీక్ష అడగండి.

హెచ్‌బీఏ1సీ 8.5 దాటినా, షుగర్ 250 పైన ఉండి దాహం, బరువు తగ్గడం ఉన్నా మొదట్లో రోజుకో ఇన్సులిన్ సూది కూడా ఇస్తారు. "సూది మొదలైతే ఇక జన్మంతా" అని బెంగపెట్టుకోకండి. టైప్-2 పిల్లల్లో చాలామందికి షుగర్ దిగాక, కొన్ని వారాల్లో తగ్గించి ఆపగలుగుతారు. ఇవికాక లిరాగ్లుటైడ్, డులాగ్లుటైడ్ సూదులకు, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రకు అమెరికాలో పదేళ్లు దాటిన పిల్లల కోసం అనుమతి ఉంది. మీ బిడ్డకు అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి.

ఇన్సులిన్ వాడే ఇల్లయితే ఈ ఒక్క విషయం గోడమీద రాసుకోండి. మన దేశంలో సీసా ఇన్సులిన్ 40 యూనిట్ల బలంతోనూ, 100 యూనిట్ల బలంతోనూ దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు ఎక్కువ ఎక్కేస్తుంది. మందుల షాపు మారిన ప్రతిసారీ సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ కలిపి చూడండి.

ఇన్సులిన్ పెన్ను అయితే ప్రతిసారీ 2 యూనిట్లు గాల్లోకి వదిలి, చుక్క వచ్చాకే పొడవాలి. మందు ఎక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి. బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి పొట్ట మీద, లేదా తొడ మీద చోటు మారుస్తూ పొడవండి. ఒకేచోట పొడిస్తే గడ్డకట్టి, మందు సరిగా ఎక్కదు. తెరవని ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపు అరలో ఉంచాలి, గడ్డకట్టే అరలో కాదు. వాడుతున్నది నాలుగు వారాలు బయట ఉండొచ్చు, కానీ మే నెల ఎండల్లో గది 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచండి.

కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, మెంతులు తినొచ్చు, కానీ వాటి భరోసాతో మాత్ర ఆపకూడదు. ఊరి మందు పొడుల్లో ఏం కలిపారో ఎవరికీ తెలియదు, అవి వద్దు.

3. వేలు పొడిచి చూడటం

చేతులు సబ్బుతో కడిగి బాగా తుడవాలి. మామిడిపండు తిన్న వేలికి తీపి అంటుకుని ఉంటే 120 ఉన్నది 200 దాటి చూపిస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన పొడిస్తే నొప్పి తక్కువ. రక్తం రాలేదని గట్టిగా పిండకండి, చేతిని కిందికి వేలాడేసి ఉంచితే చాలు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసిన వెంటనే బిగించాలి, తేమ తగిలితే రీడింగు తప్పుతుంది. వాడిన సూదుల్ని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆసుపత్రిలో ఇవ్వండి, చెత్త తీసేవాళ్ల చేతులకు గుచ్చుకోకుండా.

ఎన్నిసార్లు చూడాలన్నది మందును బట్టి ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే వారంలో కొన్నిసార్లు పరగడుపున, కొన్నిసార్లు తిన్న రెండు గంటలకు. ఇన్సులిన్ ఉంటే రోజూ. పరగడుపున 70–110, తిన్న రెండు గంటలకు 140 లోపు అన్నది పిల్లల టైప్-2కి పెట్టుకునే గురి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి. 7 లోపు తప్పనిసరి, 6.5 లోపు ఉంటే మరీ మంచిది. రక్తహీనత ఉన్న పిల్లల్లో, తలసీమియా లేదా సికిల్ సెల్ లక్షణం ఉన్నవాళ్లలో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. మన్యం ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎక్కువ కాబట్టి అక్కడి తల్లిదండ్రులు ఈ మాట డాక్టరుకు గుర్తుచేయాలి.

అంకె చూసి "ఏం తిన్నావ్?" అని నిలదీస్తే ఏమవుతుందో తెలుసా? బిడ్డ తప్పుడు అంకెలు రాయడం మొదలుపెడుతుంది. అంకె మంచిదా చెడ్డదా అనొద్దు. ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా అనండి, పక్కన ఆ పూట తిండి, ఆట రాయండి. వారానికోసారి ఆ పుస్తకం ఇద్దరూ కలిసి చూడండి.

4. కంచం

తెలుగు భోజనంలో చిక్కంతా అన్నం వడ్డనలోనే ఉంది. పప్పుకు కొంత, కూరకు కొంత, చారుకు కొంత, పెరుగుకు కొంత: విస్తరి మీద నాలుగుసార్లు అన్నం పడుతుంది. ఏ వడ్డనా పెద్దగా అనిపించదు. కలిపితే మూడు కప్పులవుతుంది. ఒక కప్పు అన్నం, అంటే సుమారు 150 గ్రాములు, ఒంట్లోకి 40 గ్రాముల దాకా పిండిపదార్థాన్ని పంపుతుంది.

కాబట్టి ఇలా చేయండి. అన్నం గిన్నె బల్ల మీద పెట్టొద్దు. ఒక కొలత కప్పు ఎంచుకుని, ఆ పూటకు రావాల్సిన అన్నం మొత్తం ఒకేసారి కంచంలో పెట్టండి, దాన్నే పప్పుకూ కూరకూ పంచుకోవాలి. చారు గ్లాసులో తాగాలి. పెరుగు కప్పులో తినాలి, లేదా మజ్జిగ. కంచంలో సగం కూరగాయలు. బంగాళాదుంప, చేమదుంప, కంద ఆ సగంలోకి రావు, అవి అన్నం లెక్కే. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, చికెన్ లాంటివి. మిగిలిన పావు అన్నం. ముందు కూర, పప్పు కొంత తిని తర్వాత అన్నం మొదలుపెడితే తిన్న తర్వాతి షుగర్ తక్కువ ఎగురుతుంది. పిల్లలకు ఇది మూడు నాలుగు వారాల్లో అలవాటవుతుంది. ఎంత అన్నం అన్నది వయసు, ఎదుగుదల, ఆటను బట్టి డైటీషియన్ చేత చెప్పించుకోండి. ఎదిగే పిల్లను పస్తు పెట్టకూడదు. ఎత్తు పెరుగుతున్న బిడ్డ బరువు కొన్నాళ్లు కదలకుండా నిలిచినా గెలిచినట్టే.

రాగులు, జొన్నలు, కొర్రల గురించి ఒక మాట. పీచు ఎక్కువ కాబట్టి మంచివే. కానీ రాగి పిండిలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. సంకటి ముద్ద రెండింతలు పెడితే అన్నం తగ్గించి లాభం లేదు. రాగి జావ అయితే పలచగా, మెత్తగా ఉండి ఇంకా తొందరగా అరుగుతుంది, పైగా బెల్లం వేస్తారు. బెల్లం, తేనె, పటికబెల్లం అన్నీ షుగర్ పెంచేవే.

టిఫిన్‌లో మూడు చిన్న ఇడ్లీలు, కూరగాయలు దండిగా వేసిన సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు. లేదా రెండు పెసరట్లు అల్లం పచ్చడితో, లోపల ఉప్మా పెట్టకుండా. పూరి, మైసూర్ బోండా, ఉగ్గాని-బజ్జీ నెలకోసారికి చాలు.

అసలు ప్రమాదం సాయంత్రం నాలుగున్నరకు. బడి నుంచి బిడ్డ ఆకలితో వస్తుంది, ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్టు, మిక్చరు తప్ప ఏమీ ఉండవు. పొద్దున్నే నానబెట్టిన శనగలు గుగ్గిళ్లుగా తాలింపు వేసి ఉంచండి. ఉడికించిన వేరుశనగలు గుప్పెడు, జామకాయ, మజ్జిగ, గుడ్డు ఏదైనా సరే, బిడ్డ తలుపు తీసేసరికి కళ్లెదుట ఉండాలి. పండు తినాలి, రసం తాగకూడదు. జామ, బత్తాయి తొనలు, యాపిల్ మంచివి. మామిడి వేసవిలో రెండు ముక్కలు, ఆ పూట అన్నం కొంచెం తగ్గించి.

కూల్‌డ్రింకులు పూర్తిగా ఆపాలి. 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు ఆరు టీస్పూన్ల చక్కెర ఉంటుంది. మామిడి రసం ప్యాకెట్లు, చెరకు రసం, పాలలో కలిపే 'హెల్త్' పొడులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఈ ఒక్క మార్పుతోనే కొందరి పిల్లల్లో అంకెలు కళ్లెదుట దిగుతాయి.

ఇంట్లో మిగతావాళ్లు జిలేబీ తింటూ ఈ బిడ్డకు దోసకాయ ముక్కలిస్తే ఆ ఇంట్లో ఏ నియమమూ వారం కూడా నిలవదు. అందరికీ ఒకే వంట. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూసుకోండి. సంక్రాంతికి అరిసె కావాలంటే ఒకటి, అన్నం తర్వాత, అందరితో కలిసి, దాచుకోకుండా. పూర్తిగా నిషేధిస్తే దొంగతనంగా తింటారు. దాచి తినడం అలవాటైతే జబ్బు కంటే అదే పెద్ద సమస్యవుతుంది.

5. ఆట, నిద్ర

రోజుకు కనీసం గంట, ఊపిరి వేగం పెరిగేలా కదలాలి. ఒకేసారి కుదరకపోతే ప్రతి భోజనం తర్వాత పదిహేను నిమిషాల నడక, సాయంత్రం అరగంట ఆట. క్రికెట్లో బౌండరీ దగ్గర నిలబడ్డ గంట లెక్కలోకి రాదు. కబడ్డీ, షటిల్, సైకిలు, తాడాట, డాన్సు వస్తాయి. వారంలో మూడు రోజులు కండరాలకు పని: బస్కీలు, దండీలు, మెట్లెక్కడం. పెద్దమనిషి కాగానే ఆడపిల్లను వీధిలో ఆడనివ్వకపోవడం మన ఊళ్లలో ఇంకా ఉంది. సరిగ్గా ఆ ఏడాదే ఆమెకు ఆట ఎక్కువ కావాలి. బయట కుదరకపోతే మేడ మీద అమ్మతో తాడాట ఆడొచ్చు.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8–10 గంటల నిద్ర అవసరం. గట్టిగా గురక పెడుతుంటే, పగలు కునుకుతుంటే డాక్టరుకు చెప్పండి.

6. షుగర్ పడిపోయినా, బాగా పెరిగినా

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే షుగర్ పడిపోవడం అరుదు. ఇన్సులిన్ వాడే బిడ్డకు చెమటలు, వణుకు, చిరాకు, తడబాటు కనిపిస్తే వెంటనే చూడండి. 70 లోపు ఉంటే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి, లేకపోతే మూడు టీస్పూన్ల చక్కెర. చాక్లెట్ వద్దు, దానిలో కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. కోలుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

జ్వరం, వాంతులు వచ్చినప్పుడు ఇన్సులిన్ సొంతంగా ఆపకూడదు. తినకపోయినా నాలుగు గంటలకోసారి షుగర్ చూస్తూ, నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ గుక్క గుక్కగా పట్టించాలి. మెట్‌ఫార్మిన్ సంగతి వేరు: వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గుతుంటే ఆ రోజుకు ఆపాలా అని డాక్టరును అడగండి. ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే మరీ జాగ్రత్త, దానితో షుగర్ మామూలుగా ఉండగానే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరగవచ్చు. ఆ మందు వాడేవాళ్లలో షుగర్ ఎంతున్నా, మిగతావాళ్లలో 250 దాటి, వాంతులు, కడుపునొప్పి, వేగంగా శ్వాస, నోట్లో పండిన పండు వాసన ఉంటే ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

7. ఏడాదికోసారి తప్పనిసరి పరీక్షలు

టైప్-1లో అయితే జబ్బు వచ్చిన కొన్నేళ్లకు కాంప్లికేషన్లు చూడటం మొదలుపెడతారు. టైప్-2లో, పిల్లలకైనా సరే, గుర్తించిన రోజు నుంచే చూడాలి: కంటిపాప వెనక పొర పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్, కాలివేళ్ల స్పర్శ, కొలెస్ట్రాల్, కాలేయ ఎంజైములు. బీపీ ప్రతి విజిట్‌లో, చేతికి సరిపోయే పట్టీతో. పదమూడేళ్లు దాటితే 130/80 పైన ఉన్నది ఎక్కువే. ఆడపిల్లల నెలసరి సంగతి సిగ్గుపడకుండా చెప్పండి.

8. దాపరికం

"ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి, ఎవరికీ చెప్పకండి." ఈ మాట ఖరీదు ఎంతంటే, ఆ పిల్ల బళ్లో మాత్ర వేసుకోదు, స్నేహితురాలి ఇంట్లో వేలు పొడుచుకోదు, పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు ఇన్సులిన్ మానేస్తుంది. ఊరంతా చాటనక్కర్లేదు. క్లాసు టీచరు, పీఈటీ మాస్టారు, ఒక దగ్గరి స్నేహితురాలు, దగ్గరి బంధువుల్లో ఇద్దరికి తెలిసి ఉంటే చాలు.

చుట్టాల ముందు బరువు తూచడం, "తిండిపోతు" అనడం, అన్నతోనో చెల్లితోనో పోల్చడం పూర్తిగా మానండి. ఈ జబ్బు బిడ్డ చేసుకున్న తప్పు కాదు. వంశం, వయసు, ఇంటి తిండి, చదువుల పేరుతో పోయిన ఆట అన్నీ కలిసి తెచ్చాయి. రెండు వారాలకు పైగా బిడ్డ ముభావంగా ఉన్నా, చదువు మీద మనసు పోయినా, బాగా తినేసి కక్కేస్తున్నా డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పది పన్నెండేళ్లప్పుడు బిడ్డ వేలు తనే పొడుచుకోవచ్చు, పక్కన మీరుండాలి. పద్నాలుగు, పదిహేనేళ్లకు సూది తనే వేసుకోవచ్చు. కానీ మాత్ర మింగిందా లేదా అన్నది పద్దెనిమిది దాకా పెద్దవాళ్లు కళ్లారా చూడాలి. మందు పనిచేయడం లేదని డాక్టరు మోతాదు పెంచేముందు, ఏడు అరల మాత్రల డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

9. బడి, ఇంటర్ హాస్టల్

బడికి ఒక కాగితం ఇవ్వండి: జబ్బు పేరు, మందులు, షుగర్ పడిపోతే ఏం చేయాలి, మీ ఫోన్ నంబర్లు. బాత్రూముకూ నీళ్లకూ ఎప్పుడడిగినా పంపాలని అందులో రాయండి. 2025లో సీబీఎస్ఈ తన బడుల్లో చక్కెర గురించి చెప్పే 'షుగర్ బోర్డులు' పెట్టమంది. ఆ ఉత్తర్వు చూపించి క్యాంటీన్ గురించి అడిగే హక్కు మీకుంది. జేఈఈ మెయిన్ రాసే షుగర్ పిల్లలు గ్లూకోజ్ మాత్రలు, పండు, పారదర్శకమైన నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లవచ్చు. ఏ పరీక్షకైనా ఆ ఏటి నిబంధనలు ముందే చదివి డాక్టరు సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

పదో తరగతి దాకా ఇంట్లో నిలబెట్టినదంతా ఇంటర్ హాస్టల్లో రెండు నెలల్లో కరిగిపోతుంది. తెల్లవారుజామున లేపి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు, ఆటకు గ్రౌండు లేదు, మెస్సులో అన్నం ఎంతైనా పెడతారు గానీ కూర గరిటెడే. వీలైతే డే స్కాలర్‌గా చేర్చండి. హాస్టలే తప్పదంటే, ఫీజు కట్టేముందే ఇవి అడిగి రాతపూర్వకంగా తీసుకోండి: రోజూ ఒక గుడ్డు, రెండో గరిటె కూర, సాయంత్రం నలభై నిమిషాలు నడిచే చోటు, రాత్రి పదింటికి పడుకునే వీలు, ఇన్సులిన్ పెట్టడానికి వార్డెన్ గదిలో ఫ్రిజ్. ఔటింగ్‌కు పంపినప్పుడు మాత్రల డబ్బా చూడండి. మొదటి దసరా సెలవులకు రాగానే, పండుగ వంటల కంటే ముందు, హెచ్‌బీఏ1సీ చేయించండి. అది ఒక పాయింటు పెరిగి ఉంటే హాస్టల్ మార్చడం గురించి ఆ సెలవుల్లోనే మాట్లాడుకోండి.